కింద పట్టేవాడు

“బీరువా మీంచి చెయ్యి తియ్యి ముందు,” అన్నాడు అన్న.

తమ్ముడు చెయ్యి తీసి, మూతి ముడుచుకుని గోడకి చేరబడ్డాడు. ఇద్దరూ ఇళ్ళ సామాను ఎక్కించి దించే లారీ మీద కూలీలు. మెట్ల మీద బీరువా ఎక్కించేటప్పుడు పైన పట్టేవాడు దారి చూసుకుంటే చాలు. బరువంతా కింద పట్టేవాడి కడుపు మీదే. ఒళ్ళున్నవాడు కాబట్టి ఇన్నాళ్ళూ ఆ చోటు తమ్ముడిది.

జ్వరమొచ్చి, మెడ కింద బిళ్ళలు కట్టి, గుటక పడక వాడు మంచం పట్టేదాకా అలాగే సాగింది. డాక్టరు కడుపు నొక్కి చూసి, ఇది ఒకరి నోటి నుంచి ఒకరికి అంటుకునే జ్వరమనీ, ఎడమ డొక్కలో ఉండే ప్లీహం బాగా వాచిందనీ చెప్పాడు. జ్వరం తగ్గినా తను సరే అనేదాకా బరువెత్తకూడదట. అక్కడ చిన్న దెబ్బ తగిలినా పగిలి, రక్తం లోపల్లోపలే పోతుందట.

ఆ రోజు నుంచి అన్న ప్రాణం ఆ డొక్కలోనే ఉండిపోయింది. ఒకే సీసా కరిచి నీళ్ళు తాగే అలవాటు మాన్పించి, తమ్ముడికి వేరే సీసా కొన్నాడు. ఇంట్లో వదిలేస్తే కుదురుగా ఉండే రకం కాదు. కళ్ళెదుట ఉంటాడని లారీలో తెచ్చుకుని దిండ్లు, కర్టెన్లు మాత్రం మోయనిచ్చేవాడు. బండి గతుకులో పడ్డప్పుడల్లా వాడి డొక్కకి చెయ్యి అడ్డం పెట్టేవాడు. గాజుబొమ్మని గడ్డిలో చుట్టి తేకపోయావా అని డ్రైవరు ఎగతాళి చేస్తే, నీ తోలకం చూస్తే అదే మేలనిపిస్తోంది అన్నాడు.

కింద చోటు తనే తీసుకున్నాడు. ఈమధ్య ఒంట్లో సత్తువ ఉండటం లేదు. ఇద్దరి పని ఒక్కడు చేస్తే ఎక్కడుంటుంది? గొంతు నొప్పెడితే పరుపుల దుమ్మనుకున్నాడు. ఆ పొద్దున ఎడమ భుజం లాగుతుంటే, మోత పట్టీ కోసుకుందని కుడి భుజానికి మార్చుకున్నాడు.

డ్రైవరు పైన పట్టాడు. బీరువా లేచింది.

మూడో అంతస్తు మలుపులో అన్న మోకాలు మడతపడింది. బీరువా జారి అతని మీదికి వాలింది. వెనకే వస్తున్న తమ్ముడు దిండ్లు పారేసి, కిందికి దూరి, ఒళ్ళంతా ఆనించి ఆపాడు.

“వదిలెయ్‌రా. చస్తావు, వదిలెయ్.”

వాడు వదల్లేదు. బీరువా అంచు వాడి ఎడమ డొక్కలోకి దిగబడటం అన్న కళ్ళారా చూశాడు. ఆ వెంటనే చీకట్లు కమ్మాయి.

తెలివొచ్చేసరికి ఎదురుగా అదే డాక్టరు. ఒళ్ళు మొద్దుబారిపోయి ఉంది. మెట్ల మీంచి పడ్డాను కాబోలు అనుకున్నాడు. తన సంగతి ఎవడికి కావాలి?

“పగిలిందా?” అన్నాడు.

“పగిలింది. తీసేశాం.”

అన్న కళ్ళు మూసుకున్నాడు. అంత కాపలా కాసి, చివరికి తన కాలే వాడి ప్రాణం మీదికి తెచ్చింది. అమ్మకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

“వాణ్ని ఒక్కసారి చూపించండి,” అన్నాడు.

డాక్టరు అతని మొహంలోకి ఒక క్షణం చూసి, వెళ్ళి తలుపు తీశాడు.

“పగిలింది నీదే అన్నా,” అన్నాడు లోపలికి నడిచొచ్చిన తమ్ముడు.