దండేసిన ట్రాక్టర్

గిర్ర్... గిర్ర్... గిర్ర్...

ట్రాక్టర్ దగ్గింది తప్ప స్టార్ట్ కాలేదు.

మగ్గం తప్ప మరో మిషన్ ముట్టని నరహరికి చెమటలు పట్టాయి. ట్రాలీలో చుట్టాలు, పళ్లబుట్టలు, డప్పులు. మధ్యలో అతని బిడ్డ, పెళ్లికూతురు రుచిత పగలబడి నవ్వుతోంది. మగపెళ్లివారు మురిపెంగా పంపిన బండి, వాళ్లుండే బమ్రోలి సందులోనే మొరాయించింది!

"నవ్వకు బిడ్డా! కిమ్ ఊరి నుంచి పిల్లగాని మేనత్త వస్తదట. ఆమె పెండ్లి హాల్‌కాడ దిగేటాళ్లకు నేను కాళ్లు కడగాలె. అలిగిందంటే పిల్లగాన్ని పీటల మీద కూసోనియ్యదట!"

"డీజిల్ ఫుల్లుంది మామా. బ్యాటరీ మంచిగుంది," అన్నాడు స్టీరింగ్ ముందున్న మేనల్లుడు రాజు.

"మరి ఏం రోగం దీనికి?"

గుంపును తోసుకుంటూ ఒకామె ముందుకొచ్చింది. నెత్తిన కొంగు, చంకలో సంచి.

"జర ఆ దండ తీయుండ్రి."

నరహరి ఉలిక్కిపడ్డాడు. పొద్దున కొబ్బరికాయ కొట్టి తనే కట్టిన బంతిపూల దండ అది. ఒక కొస స్టీరింగ్ కింది నాబ్‌కు, ఇంకో కొస మడ్‌గార్డుకు.

"శుభమా అని పోతుంటే పూజ చేసిన దండ తీస్తరా? నువ్వెవలక్కా?"

"నేను..."

"ఎవలైతేంది, జరుగు!"

ఆమె జరగలేదు. దండను పుటుక్కున తెంపి, పూలకింద దాగిన నాబ్‌ను లోపలికి నొక్కింది.

"ఇది ఇంజన్ బంద్ చేసే నాబ్ తమ్మీ. దీన్ని గుంజి కడితే డీజిల్ యాడికెళ్లి పోతది? ఇప్పుడు సెల్ఫ్ కొట్టు."

భడ్... భడ్‌భడ్‌భడ్!

ట్రాలీలో ఈలలు. డప్పులు దద్దరిల్లాయి.

"నేను గూడ ఆడికే. జర ఎక్కనియ్యుండ్రి."

"జాగ లేదక్కా! నీ కడుపు చల్లగుండ, హాల్‌కాడికి రా, బువ్వ తినిపో!"

ట్రాక్టర్ కదిలింది. తెగిన దండతో ఆమె రోడ్డు మీద నిలబడి నవ్వింది.

హాల్ గుమ్మంలో ఇత్తడి పళ్లెం పెట్టి, చెంబుతో నిలబడ్డాడు నరహరి. మేనత్త ఇంకా రాలేదు. బతికిపోయాం!

ఆటో ఆగింది. దిగింది ఆమే. చేతిలో అదే దండ.

"వచ్చినవా అక్కా! బువ్వ బంతి ఆ పక్కన..."

ఆమె తిన్నగా వచ్చి పళ్లెంలో కాళ్లు పెట్టింది.

"అక్కా, అక్కా! అది మేనత్తకు!"

అంతలో పెళ్లికొడుకు లోపలి నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"అత్తా! నీ ట్రాక్టర్ల పెండ్లిపిల్లను నువ్వే తీస్కొస్తనంటివి, ఆటోల వచ్చినవేంది?"