కొండకూ ఇంటికీ మధ్య

"ఈ వెదురుపొద ఉన్నన్నాళ్లూ నెట్ నిలవదు చెల్లెమ్మా," అన్నాడు మెకానిక్ నిచ్చెన దిగుతూ.

టవరు కొండ మీద, ఈ పెంకుటిల్లు ఊరి చివర. కప్పు మీది డిష్ నేరుగా టవరును చూస్తేనే సిగ్నల్. ఆ రెంటికీ నడుమ వెదురు ఏపుగా లేచింది. వాన పడితే తడిసిన ఆకులు సిగ్నల్‌ను మింగేస్తాయి. ఈసారి ముసురు పట్టి నాలుగు రోజులైంది.

రెండేళ్ల కిందట డిష్ బిగించింది అతనే. ఆ రోజు ఆమె పక్కనే నిలబడి, ఏ చెట్టయితే ఎంత అడ్డమని గుచ్చి గుచ్చి అడిగింది. ఏదైనా పెంచుకో గానీ ఈ మూల మాత్రం వెదురు వద్దని అతను వేలుపెట్టి మరీ చూపించాడు. సరిగ్గా ఆ మూలే నాటింది. చెప్పిన మాట చెవికెక్కితేగా!

ఇవాళ అతను వచ్చేసరికి ఆమె పక్కింటి అరుగు మీద, ఆ ఇంటావిడ తల దువ్వుతుంటే పగలబడి నవ్వుతోంది. పొరుగూళ్లో ఉద్యోగం చేసే మొగుడేమో నెట్ పోయిందని పూటకు పదిసార్లు నెట్ కంపెనీ ఆఫీసుకు ఫోన్ చేస్తున్నాడు. ఈమెకు చీమ కుట్టినట్టయినా లేదు.

"నెట్ లేకపోతే మీ ఆయనకు ముద్ద దిగట్లేదట. ప్రాణమంతా ఇంటి మీదే," అన్నాడు మెకానిక్. తను ఊరెళ్తే పెళ్లానికి రెండు రోజులకో ఫోన్ చేయడమే గొప్ప.

ఆమె పొదకేసి చూసింది. "బాగుపడదని రాసెయ్యి అన్నా."

"ఇంకో ఫిర్యాదు వెళ్తే నా ఉద్యోగం ఊడుతుంది."

"నీడకు అలవాటు పడ్డాను."

"నీడకేం భాగ్యం, ఇంకో మూల నాటుకో." అతను నవ్వి కత్తి అందుకున్నాడు. ఆమె మళ్లీ బతిమాలలేదు. గంటలో పొద నేలకొరిగింది.

ఇంట్లో నెట్ పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. "చూశావా," అన్నాడు గర్వంగా. పక్కింటావిడ దువ్వెనతో గుమ్మందాకా వచ్చి, ఆ దీపం చూసి వెనక్కి వెళ్లిపోయింది. ఇల్లాలు చెంగు నిండా కప్పుకుని, వచ్చి గది మధ్యలో చేతులు కట్టుకుని నిలబడింది.

గోడ మూలనున్న కెమెరా మెల్లగా ఆమె వైపు తిరిగింది.

"నాలుగు రోజులు ఎక్కడ తిరిగావే?" అంది అందులోంచి మొగుడి గొంతు.