స్టేషన్‌కి దారి

నవ్వుకుంటూ అరుగు దగ్గరికి వచ్చాడొక పెద్దమనిషి. చేతిలో బత్తాయిల సంచి.

"ఎవరు కావాలె?" అన్నాడు వైకుంఠం.

ఆయన నవ్వు ఆగిపోయింది. సంచి అరుగు మీద పెట్టాడు.

"అన్నా, యాకుత్‌పురా స్టేషన్‌కు ఎట్ల పోవాలె?"

వైకుంఠానికి చిరాకేసింది. గుండెకు స్టెంటు వేయించుకుని ఆసుపత్రి నుంచి వచ్చి రెండు రోజులే అయింది.

గౌలిపుర పాలవాళ్లలో జ్ఞాపకశక్తికి అతను పెట్టింది పేరు. అలాంటిది ఇప్పుడు పాలు పోసే ఇళ్లు సగం గుర్తులేవు. మనవరాలు శ్రీహిత పేరే నోటికి రావడం లేదు.

గుండె నీరసపడితే తలకు రక్తం సరిగ్గా అందదని, రోజూ కాస్త కాస్త నడిస్తే బుర్ర కూడా తేరుకుంటుందని డాక్టరు చెప్పాడు. నడిస్తే గుండె ఆగిపోతుందని వైకుంఠం భయం. గడప దాటనని మొండికేశాడు. పాలు కొడుకు పోసొస్తున్నాడు, అడిగిన ఇంటికల్లా తండ్రి మొండితనం చెప్పుకుంటూ.

"రేపు నిన్ను గూడ మర్చిపోతనేమోనే," అని భార్య బుచ్చమ్మ దగ్గర ఆ పొద్దునే ఏడ్చాడు.

కానీ దారి అడిగినవాడికి చెయ్యి చూపించి పంపేయడం ఆ గల్లీలో మర్యాద కాదు. వెంట వెళ్లాలి. సణుక్కుంటూ లేచాడు. గల్లీ మలుపుకే ఆయాసమొచ్చింది.

"చాలన్నా, ఈడికెళ్లి నేను పోత," అన్నాడాయన.

బత్తాయిల సంచి అరుగు మీదే ఉండిపోయింది.

మర్నాడు మళ్లీ అదే మనిషి, అదే ప్రశ్న.

"నాకన్న గీయన బుర్రనే మస్తు ఖరాబైంది," అని బుచ్చమ్మతో చెప్పి లేచాడు వైకుంఠం. తనకంటే అధ్వాన్నంగా ఉన్నవాడు ఒకడు దొరికాడని, నిజం చెప్పొద్దూ, లోపల కాస్త హాయిగానే ఉంది.

వారానికి కిరాణా దుకాణం దాకా వెళ్లారు. నెలకు పెద్ద రోడ్డు దాకా.

ఆయన నోరు ఊరుకోదు. ఇదెవరిల్లు, అదెవరిల్లు అని అడుగుతూనే ఉంటాడు. వైకుంఠం తడుముకుంటూ చెప్పేవాడు. తప్పు చెబితే మర్నాడు తనే దిద్దుకునేవాడు. ఆయన పేరు మాత్రం అడగలేదు. అది కూడా మరిచిపోయి ఉంటే పాపం సిగ్గుపడతాడని.

మూడో నెలలో ఎక్కడా ఆగకుండా స్టేషన్ దాకా నడిచాడు. ఇంటికొచ్చి, "శ్రీహితా, నీళ్లు తే బిడ్డా," అన్నాడు. బుచ్చమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. డాక్టరు కూడా ఇక ఫికర్ లేదన్నాడు. ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొచ్చింది.

ఆ తర్వాత ఆయన రాలేదు.

నాలుగు రోజులు చూశాడు వైకుంఠం. దారి తప్పి ఎక్కడ తిరుగుతున్నాడోనని తనే స్టేషన్‌కి వెళ్లాడు. చాయ్ బండి ఆగయ్యకు ఆనవాళ్లు చెప్పాడు.

"ఇశ్రాయేలు సారా? మొన్ననే క్వార్టర్ ఖాళీ జేసి కాజీపేటకు పోయిండు, బిడ్డ కాడికి."

"ఏంది? ఆయనకు ఈ స్టేషనే దొర్కదు గదా?"

"ముప్పై ఏండ్లు గీడనే డ్యూటీ జేసి రిటైరైండన్నా," అని ఆగయ్య పట్టాల అవతలి క్వార్టర్ చూపించాడు.

మూడు నెలలు తనను ఆటపట్టించాడా? వైకుంఠానికి ఒళ్లు మండింది. విసవిసా క్వార్టర్ దాకా నడిచాడు.

తలుపుకి తాళం. ముందు రెండు మెట్లు.

పై మెట్టు మీద కాలు పెట్టగానే, అలవాటైన కేక దానంతటదే నోట్లోంచి వచ్చేసింది.

"చంద్రమ్మా, పాలు!"

వైకుంఠం మెట్టు మీద కూలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

రోజూ తనను స్టేషన్‌కి దారి అడిగిన ఆ మనిషి ఇంట్లోనే అతను ఇరవై రెండేళ్లు పాలు పోశాడు.