అందరికీ అదే కప్పు

రఘుపతి కాఫీ షాపు అద్దాల తలుపు తోసుకొని లోపలికొచ్చి, సరాసరి కృపాదానం సారు కూర్చున్న బల్ల ముందు నిలబడ్డాడు. భుజం మీద చాయ్ మరకల తువాలు అట్లాగే ఉంది. లోపల ఏసీ చల్లగా ఉన్నా అతని మొహం మీద చెమట ఆరడం లేదు.

"సారూ, మీరు సుత గీడికే వస్తే నేనేం గావాలె?" అన్నాడు.

సారు కాఫీ కింద పెట్టి ఎదురు కుర్చీ చూపించాడు. అందులో కూర్చుంటే తాను కూడా ఆ దుకాణానికి గిరాకీ అయిపోతానేమో అన్నట్టు, రఘుపతి నిలబడే తన గోడు చెప్పడం మొదలుపెట్టాడు.

పట్నం కంపెనీ వాళ్లు తన చాయ్ హోటలుకు ఎదురుగా ఈ కాఫీ షాపు తెరిచిన రోజు తాను భయపడనే లేదట. పిల్లలు పోతారు, ఫోటోలు దిగుతారు, నాలుగు రోజులకు మోజు తీరుతుంది అనుకున్నాడట. కృపాదానం సారు పోతాడని మాత్రం కలలో కూడా అనుకోలేదట. మెదక్‌లో సగం మందికి లెక్కలు నేర్పిన మనిషాయె. ఆయన ఇటు మళ్లితే ఆయన వెంట మోసెస్ సారు, చర్చి పెద్దలు, రిటైరైన పంతుళ్లు అందరూ మళ్లారు. పొయ్యి మీద పాలు మరిగి మరిగి మీగడ కడుతున్నాయి గాని తాగే మనిషి లేడు. ఇట్లాగే సాగితే షట్టరు దించుకోవడమేనట.

"నా చాయ్ ఏమన్న పాడైందా సారూ? పాపన్నపేట బర్రె పాలు. సుక్క నీళ్లు కలపను."

"నీ చాయ్‌కి వంక పెట్టేదేముంది రఘుపతీ. మెదక్‌ల గసొంటి చాయ్ లేదు."

"మరి గీ మాడిన బొగ్గు నీళ్లు ఎట్ల తాగుతుండ్రు?"

"చక్కెర పొట్లాలన్ని చింపి పోసుకుంటున్న. అయినా చేదు పోతలేదు," అని సారు నవ్వాడు.

ఆ నవ్వుకు రఘుపతికి ఒళ్లు మండింది. ఇక్కడి మెత్తటి కుర్చీలను, తలాతోకా తెలియని పాటలను, కళ్లు తిరిగే బిల్లును, అన్నింటినీ ఏకిపారేశాడు. చివరికి బల్ల మీది కప్పును వేలుతో చూపించాడు.

"గింత పైస పెట్టి అట్ట కప్పుల తాగవడ్తిరి. మా కాడ నిగనిగలాడే గాజు గ్లాసులు సారూ."

సారు ఆ కప్పును చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పాడు. గొంతు దాకా వచ్చిన మాట ఇన్నాళ్లూ ఎవరితోనూ అనలేదు. మోసెస్ సారుతో కూడా అనలేదు. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనలేదు, అంతే.

"ఒక్కసారి సుట్టూ సూడు రఘుపతీ."

రఘుపతి చూశాడు. కిటికీ దగ్గర బట్టల దుకాణం సేటు కొడుకు. మూలన దవాఖాన డాక్టరమ్మ. తలుపు పక్కన భూముల బేరం మాట్లాడుకునే పెద్ద పటేలు. అందరి చేతుల్లోనూ ఆ తెల్లటి అట్ట కప్పే.

"ఈడ అందరికీ గిదే కప్పు. నీ కాడ అందరికీ గాజు గ్లాసు, నాకు, మోసెస్‌కు అట్ట కప్పు. కుర్చీ తుడిచి ఏస్తవు. నమస్తే పెడ్తవు. పేపరు ముందుగాల నాకే ఇస్తవు. గ్లాసు మాత్రం ఇయ్యవు."

 రఘుపతి, పెద్దమనిషికి పదిమంది ఎంగిలి చేసిన గ్లాసు ఎందుకని, నీటుగా ఉంటుందని అట్లా ఇచ్చానని గొణిగాడు.

"పటేలు గూడ పెద్దమనిషే గద. నీటు మా వాడోళ్లకే గావాల్నా?"

రఘుపతి తల వంచుకున్నాడు. తువాలుతో మొహం తుడుచుకున్నాడు. చెమటో, మరేమిటో సారుకు తెలియలేదు. తప్పైందని చెప్పి, సారును చెయ్యి పట్టుకొని లేపి, రోడ్డు దాటించి తన హోటలుకు తీసుకుపోయాడు.

చాయ్ అందించే ఎల్లంను పక్కకు జరగమని, తానే ఒక గాజు గ్లాసును వేడినీళ్లతో కడిగి, నిండా పోసి తెచ్చి సారు చేతికిచ్చాడు. కూర్చున్న ఇద్దరు ముగ్గురూ ఒకసారి చూసి మళ్లీ ఫోన్లలో పడ్డారు. గ్లాసు వేళ్లను చుర్రుమనిపించింది. అయినా సారు కింద పెట్టలేదు. ఇన్నేళ్లు ఈ చాయ్ తాగాడే గాని దాని రంగు చూడలేదు. ఎండకు ఎత్తి పట్టుకుంటే కొత్త ఇటుక రంగులో మెరిసింది. గుక్క గుక్కకూ ఆగి, అడుగు దాకా తాగాడు.

లేస్తూ మోసెస్ సారుకు ఫోను కలిపాడు.

"రేపటి సంది రఘుపతి కాడ్నే కూసుందాం."

 అటు నుంచి మోసెస్ సారు మెల్లగా అడిగాడు.

"గ్లాసేనా?"

"గ్లాసే."

 సారు ఫోను జేబులో వేసుకొని ఒక మెట్టు దిగాడు. రెండో మెట్టు మీద ఉండగా వెనక నుంచి రఘుపతి గొంతు తగ్గించి ఎల్లంకు చెబుతున్న మాట వినిపించింది.

"ఆ గ్లాసు అందరి గ్లాసులల్ల కలపకు. ఏరే పెట్టు. మోసెస్ సారుకు గూడ ఇంకోటి తీసి, దాని పక్కన్నే పెట్టు."