తాంతిల్లో వేయడం

పెద్దాయన మోచేయి తగిలి, గుమ్మం పక్కన పేర్చిన పుస్తకాలు నేలమీద పడ్డాయి.

"తాంతిల్లో వేశారే," అంది నెల్లా, కౌంటరు వెనకనుంచి నవ్వుతూ.

వంగి పుస్తకాలు ఏరుతున్న ఆయన ఆగాడు.

"ఏం వేశానన్నావు?"

"మా కొల్లెసానో ఊరి మాట లెండి, సిన్యోర్. కాఫీ ఒలికినా, పెళ్ళికొడుకు ఉంగరం జారవిడిచినా తాంతిల్లో వేశాడంటాం. వెనకటి కొండ కార్ల రేసులో తాంతిల్లో అనే ఆయన నీళ్ళతొట్టి మలుపు దగ్గర తిన్నగా వెళ్ళి గోడకి గుద్దాడు. అప్పటికి అందరికంటే ముందున్నాడు కూడాను."

"ఇప్పటికీ అంటున్నారా?"

"రోజూ."

ఆయన చివరి పుస్తకం పైన పెట్టి, "దొన్ సారోగారున్నారా?" అని అడిగాడు.

"నాన్న మొన్న చలికాలంలో పోయారు."

ఆయన టోపీ తీశాడు. గోడమీది ఫొటోలో దొన్ సారో డ్రైవర్లని హెచ్చరించే పసుపు జెండా పట్టుకుని మలుపులో నిలబడి ఉన్నాడు. పెద్దాయన ఆ ఫొటో ముందుకి వెళ్ళాడు.

"ఆయన చేత మా మనవరాలికి ఒక మాట చెప్పిద్దామని వచ్చాను," అన్నాడు. "పోనీ, పుస్తకం ఇప్పించు. ఆదివారం చెఫాలూ దగ్గర కొండ రేసులో కారు నడుపుతోంది."

"ఆడపిల్లా? కూర్చోండి, కూర్చోండి."

నెల్లా దుకాణంలో పత్రికలు, నోటుపుస్తకాలు పోగా ఒక అర నిండా రేసు పుస్తకాలే. అమ్మినవాటికంటే ఊరికే చదవమని ఇచ్చినవే ఎక్కువ.

"ముందు ఇది చదవమనండి. ఒక మెకానిక్కు రాశాడు. తన డ్రైవరు గెలిచిన రేసుల గురించి రెండు ముక్కలే ఉంటాయి. కారు ఆగిపోయిన రోజుల గురించే పుస్తకమంతా. ఆగిన కారు దిగి, ఎవర్నీ ఒక్క మాట అనకుండా నడిచి వచ్చేవాడట ఆ మనిషి. ఇది చదివాక వారం రోజులు మా ఆయన్ని తిట్టలేదు నేను."

పెద్దాయన నవ్వాడు.

"ఇదేమో ఒక డ్రైవరు భార్యది. చేతిలో గడియారం పట్టుకుని, కారు మళ్ళీ కనబడేదాకా ఎలా కూర్చునేదో రాసింది. భయం అన్న మాట ఒక్కచోటా వాడలేదు. వణుకు మనకి పుడుతుంది."

"ఇవన్నీ దానికి నచ్చుతాయి. కానీ కావలసింది వేరు. ఇంటిపేరు చెప్పుకోలేక మారుపేరుతో నడుపుతోంది."

"రేసుల్లో అది మామూలే కదండీ. ఇంట్లో తెలియకూడదని సగం మంది అదే పని."

"వాళ్ళు ఇంట్లో తెలియకూడదని. ఇది ఊళ్ళో తెలియకూడదని." ఆయన అర వైపు చూశాడు. "వీటిలో తాంతిల్లో గురించి ఒక మంచి మాట ఉన్న పుస్తకం ఉందా, అమ్మా?"

నెల్లా నాలుక కరుచుకుంది.

"ఆయన మీకు..."

"చుట్టం."

నెల్లా అర ముందుకెళ్ళి ఒక్కొక్క పుస్తకమే తిరగేసింది. అన్నిట్లోనూ ఒకటే వాక్యం. బ్రేకు ఆలస్యంగా వేశాడు, గోడకి గుద్దుకున్నాడు.

"ఒకరిని చూసి ఒకరు రాసుకున్నట్టున్నారు," అంది.

"ఎవరినీ చూసి కాదు. విచారణకి వచ్చినవాళ్ళతో ఆయనే అలా చెప్పాడు."

"క్షమించండి, సిన్యోర్. నాన్న ఉంటే నన్ను కొట్టేవారు. చిన్నప్పుడు ఈ మాట అన్నందుకు చెంప పగిలింది. మా ఇంట్లో ఎవరూ అనకూడదు. ఎందుకో చెప్పేవారు కాదు. ఆ రోజు ఆ మలుపులో జెండా నాన్నదే."

"తెలుసు."

"అక్కడ చూడటానికి ఎవర్నీ నిలబడనిచ్చేవారు కాదు. అందుకే ఆయన జెండా పట్టినన్నాళ్ళూ ఆ మలుపులో రోడ్డు పక్కనున్న ఒక్క మనిషికీ గీత పడలేదు. చావుకి వచ్చినవాళ్ళంతా అదే చెప్పుకున్నారు."

పెద్దాయన ఏదో చెప్పబోయాడు. మళ్ళీ ఫొటో వైపు చూశాడు.

"నిజమే," అన్నాడు. "ఒక్కరికీ పడలేదు."

"నేనూ ఆ రోజు నాన్నతోనే ఉన్నానట. నాలుగేళ్ళదాన్ని. జెండా మనిషి పిల్లల్ని తీసుకురాకూడదు. తెలిస్తే జైలే. కానీ అమ్మ లేదుగా, నన్నెక్కడ వదులుతారు? నాకేమీ గుర్తులేదు. నా కాలి చెప్పొకటి పోయిందని ఏడ్చానట, అంతే."

ఆయన మెకానిక్కు పుస్తకం తీసుకున్నాడు. టోపీ పెట్టుకుని, ఈసారి పుస్తకాల దొంతరకి తగలకుండా గుమ్మం దాటాడు. మెట్టు దిగి వెనక్కి తిరిగాడు.

"తెల్లది, నీలం బొత్తాంది. మళ్ళీ దొరకనే లేదా?"

"లేదండీ."

"అయ్యో," అని కూడలిలో ఆగి ఉన్న బస్సు వైపు నడిచాడు.

నెల్లా దొంతర సర్దడం మొదలుపెట్టింది. కాసేపటికి చేతులు ఆగాయి.

ఆ చెప్పు తెల్లదని ఆమె చెప్పలేదు. బొత్తాం సంగతి అసలే చెప్పలేదు. దాని జతలోని రెండో చెప్పు నాన్న పోయాక ఆయన అలమరలో బట్టల అడుగున దొరికింది. ఇంతవరకు ఎవరికీ చూపించలేదు.

వీధిలోకి పరుగెత్తింది. బస్సు నీళ్ళతొట్టి మలుపు తిరిగిపోతోంది.

ఆ చెప్పునీ, దాన్ని తొడుక్కుని రోడ్డు మధ్య నిలబడ్డ నాలుగేళ్ళ పిల్లనీ ఎదురుగా చూసినవాడు నాన్న కాక ఇంకొక్కడే: కారుని గోడవైపు తిప్పుకున్నవాడు.