గీత మేడం చిట్టీలు

స్వీటు డబ్బాను చున్నీ కింద దాచుకుని అమ్రీన్ లైబ్రరీ గదిలోకి దూరి గొళ్లెం పెట్టేసింది. డబ్బాలో ముప్పై రెండు చిట్టీలున్నాయి. అన్నిటి మీదా తన పేరే ఉంటుందని ఆమెకు గట్టి నమ్మకం.

సినిమాలు తీసే గీత మేడం ఆ పొద్దున కేసముద్రం బడికొచ్చి తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ముప్పై ఇద్దరికీ కథ చెప్పింది. ఆ కథలో పిల్ల ఏం చేసినా బెడిసికొడుతుంది. ఏడవాల్సిన చోట నవ్వుతుంది. చదునైన నేల మీద కూడా తట్టుకుని పడుతుంది. "మీలో అట్లాంటి పిల్ల ఎవరో చిట్టీ మీద రాసియ్యండి. ఆమెనే హీరోయిన్," అంది. చిట్టీలు డబ్బాలో వేయించి, మూతకు టేపు అంటించి, టీ తాగడానికి వెళ్లింది.

అమ్రీన్ క్లాసులో అందరికన్నా జానెడు పొడుగు. మొన్న ప్రార్థనలో ప్రతిజ్ఞ చెబుతూ మైకుతో సహా పూలకుండీలో పడింది. ఇంకెవరి పేరు రాస్తారు?

గోటితో టేపు గీకుతుంటే తలుపు దబదబా మోగింది.

"తియ్యవే! డబ్బా నీ దగ్గరనే ఉన్నదని నాకెరుకే!"

వినీత గొంతు. బట్టల షావుకారు బిడ్డ, క్లాస్ లీడర్. జడ నుంచి చెప్పుల దాకా వంక పెట్టడానికి వీల్లేని పిల్ల.

"నేను తియ్య! సిన్మల నన్ను జూసి ఊరంత నవ్వాల్నా?"

"మేడం అడుగుతున్నదే. జర తియ్యి."

గొళ్లెం తీయగానే వినీత లోపలికి దూకి, తానే మళ్లీ గొళ్లెం పెట్టి డబ్బా పట్టుకుంది. ఈమె ఇటు లాగింది, ఆమె అటు లాగింది. మూత చిరిగి చిట్టీలు పేలాల్లా చెల్లాచెదురయ్యాయి. వినీత మోకాళ్ల మీద కూర్చుని వెతికి వెతికి, ఒక గులాబీ రంగు కాగితం దొరకగానే నోట్లో వేసుకుని నమలసాగింది.

"అల్లా! ఉమ్మెయ్యే! నా పేరు నువ్వెందుకు తింటున్నవ్?"

వినీత కష్టంగా మింగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నీ పేరు గాదే. నాదే రాసుకున్న."

"నీదా? నీకేం తక్కువే?"

"నలుగుట్ల నిలవడ్తే నా చేతులు ఏడ పెట్టుకోవాల్నో నాకు తెల్వదే. గందుకే ఎప్పుడు జూసినా హాజరు రిజిస్టర్ పట్టుకొని తిరుగుత."

నవ్వకూడదనే అనుకుంది అమ్రీన్. ఆగలేదు. వినీత ఉరిమి చూసి, ముక్కు తుడుచుకుని, తానూ నవ్వేసింది.

అంతలో మళ్లీ తలుపు చప్పుడు. "మేడమే!" అని ఇద్దరూ గబగబా చిట్టీలు ఎత్తి చిరిగిన డబ్బాలో కుక్కారు. అమ్రీన్ గొళ్లెం తీసింది.

మేడం కాదు, గోరీ. క్లాసులో అందరినీ ఆటపట్టించే పిల్ల నేల చూపులు చూస్తూ గొణిగింది:

"అమ్రీన్, జర నా చిట్టీ నాకియ్యవా? ఆగమాగంల నా పేరే రాసుకున్ననే."

ఆమె వెనకాల, వరండా పొడవునా, మిగతా ఇరవై తొమ్మిది మందీ తలలొంచుకుని వరస కట్టి ఉన్నారు.