లోపల ఉన్నవారు: సున్నా

"నేను బాయి దిగలేదట! పొద్దుగాల నుంచి బొగ్గు ఎవడు తీసిండు మరి? మా తాత తీసిండా?"

గని దిగేవాళ్ళకు టోపీ లైట్లు ఇచ్చే లాంప్ రూమ్ కిటికీ మీద బిక్షం గుద్దాడు. ఒంటి నిండా మసి. వెనకాల గ్యాంగు మొత్తం నిలబడి ఉంది. గనిలోంచి పైకి వచ్చి కార్డు చూపిస్తే మిషన్ అందరికీ ఒకటే జవాబు చెబుతోంది: మీరు ఈ రోజు దిగలేదు. దిగనివాడికి మస్టర్, అంటే హాజరు, పడదు. మస్టర్ పడకపోతే చేసిన డ్యూటీ గంగలో కలిసినట్టే.

కిటికీ లోపల డెబోరా ఉంది. తండ్రి ఉద్యోగంలో ఈమధ్యే చేరింది. ఇంకా బదిలీ వర్కరే, పర్మనెంట్ కాలేదు.

ఆమె భయం మస్టర్ల గురించి కాదు. తెర మీద 'లోపల ఉన్నవారు: సున్నా' అని ఉంది. ర్యాక్‌లో మాత్రం ఒక టోపీ లైటు తక్కువగా ఉంది. లైటు రాలేదంటే మనిషి రాలేదనే లెక్క.

పొద్దున లైట్లు పంచినవాడు డ్యూటీ అయిపోయి వెళ్ళిపోయాడు. ఎవరు తీసుకున్నారో చెప్పాల్సింది మిషనే. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చినప్పటి నుంచి దానికి ఎవరి పేరూ గుర్తులేదు.

బల్ల మీద నల్ల ఫోన్ మోగింది. ఉపేందర్.

ఉపేందర్ గని మీదా లోపలా కంప్యూటర్లు చూసే కాంట్రాక్టు కంపెనీ ఇంజినీరు. వారం కిందట ఈ మిషన్‌లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించింది అతనే. మనిషికో ఇత్తడి బిళ్ళ ఇచ్చి దిగినవాళ్ళను లెక్కపెట్టే తరతరాల పద్ధతిని ఎత్తేయించిందీ అతనే. బొగ్గు తవ్వేవాళ్ళకు తలకాయలో కూడా బొగ్గే ఉంటుందని అతని గట్టి నమ్మకం. దాన్ని దాచుకునే అలవాటూ లేదు.

"ఏమమ్మా, స్క్రీన్ నడుస్తుందా, తగలబెట్టిన్రా?"

డెబోరా జరిగింది చెప్పింది.

"సెల్లు చార్జింగ్ పెట్టుకునెతందుకు ప్లగ్గు పీకినవా?"

"లేదు సార్. కరెంటే పోయింది."

"కరెంటు పోతే పేర్లు పోతయా? సరే, నేను చెప్పిన అక్షరాలు కొట్టు. అక్షరాలు వస్తయి గదా?"

ఆమె డిగ్రీ చదివింది. ఆ మాట అనకుండా కొట్టింది.

"టెంప్ అని ఒక ఫోల్డర్ కనవడుతది. దాని ముందట ఏమున్నది?"

"టి, ఎం, పి, ఎఫ్, ఎస్."

ఉపేందర్‌కు రోగం దొరికింది. దిగినవాళ్ళ పేర్లు దాచే ఆ ఫోల్డర్ పాత సిస్టమ్‌లో డిస్కు మీద ఉండేది. కొత్తది దాన్ని మెమరీలోకి మార్చింది. మెమరీలో పెట్టింది కరెంటు ఉన్నంతసేపే ఉంటుంది. ఈ సంగతి కొత్త సిస్టమ్‌తో వచ్చిన సూచనల్లోనే ఉంది. కానీ చదవడమనేది తెలియనివాళ్ళు చేసే పని అని ఉపేందర్ ఉద్దేశం.

"మా తప్పేనా సార్?"

"మరి నాదా?"

ఆడలేక మద్దెల ఓడు అన్నాడట వెనకటికొకడు. ఉపేందర్ ఆ ఫోల్డర్‌ను మళ్ళీ డిస్కు మీదికి మార్చే ఆదేశం చెప్పాడు. ఆమె కొట్టి, మిషన్ ఆపి, తిరిగి ఆన్ చేసింది.

"ఇగ కరెంటు పోయినా దీని లెక్క పోదు. ఎంత చూపిస్తుంది?"

"సున్నా సార్. కానీ ఒక లైటు రాలేదు. లోపల ఎవరన్న ఉన్నరేమోనని..."

"బిక్షం గ్యాంగు వచ్చిందా?"

డెబోరా కిటికీలోంచి అడిగింది.

"మావోళ్ళంత వచ్చిన్రు బిడ్డా. మా పని చూసే ఓవర్‌మ్యాన్ సుత వచ్చిండు," అన్నాడు బిక్షం.

"విన్నవా? ఇంకెవడుంటడు లోపల? దయ్యముంటదా?" అన్నాడు ఫోన్లో ఉపేందర్.

అంతలో సదయ్య వచ్చాడు. గని ఏటవాలు దారిలో మనుషులను కుర్చీల మీద పైకి తెచ్చే చైర్‌లిఫ్టు నడిపేది అతనే. ఈ పాత గనిలో ఇప్పుడు ఒక్క షిఫ్టే నడుస్తోంది. రేపు ఆదివారం సెలవు.

"బాయి కింది ఫోన్‌కు చేసిన బిడ్డా. ఎంగేజ్ వస్తుంది. ఎవడో రిసీవర్ సక్కగ పెట్టలే," అన్నాడు.

"సార్, సదయ్య కాకను ఒకసారి లోపలికి పంపి చూపిద్దామా?"

ఉపేందర్ నవ్వాడు. "మిషన్ చెప్పినంక మనిషిని పంపుడేంది? గందుకే మీ బతుకులు గట్లున్నయి. నువ్వు బదిలీ వర్కర్‌వి, యాదికుంచుకో. సిస్టమ్‌ను నమ్ముతలేదని మీ మేనేజర్‌కు ఒక్క మాట చెప్పిననుకో, పర్మనెంట్ సంగతి మర్చిపోవాలె."

డెబోరా ఇంట్లో నలుగురికి ఆ ఉద్యోగమే ఆధారం. అయినా అడిగింది.

"మరి లైటు, సార్?"

"నా పేరు మీద రాసుకో, పో! స్క్రీన్ మీద సున్నా ఉంటే రూల్ ఏం చెప్తది?"

"చైర్‌లిఫ్టు ఆపి, గేటుకు తాళం వెయ్యాలె."

"మరి చెయ్యుండ్రి! గది గూడ నేనే చెప్పాల్నా? తెలివి లేనోళ్ళ తోటి నా పొద్దంత పోయింది. నేను ఇంటికి పోతున్న. మళ్ళ నన్ను సతాయించకుండ్రి."

డెబోరా ఇంకో క్షణం ర్యాక్‌లో లైటు లేని ఆ ఖాళీ చోటు వైపు చూసింది. తర్వాత సదయ్యకు తల ఊపింది. సదయ్య చైర్‌లిఫ్టు ఆపాడు. గేటుకు తాళం వేసి, బిక్షం బండి వెనకాల ఎక్కి వెళ్ళిపోయాడు.

అవతల ఉపేందర్ రిసీవర్ పెట్టేసి, చెమట తుడుచుకుని, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, తనను పైకి తీసుకెళ్ళే కుర్చీ కోసం గని అడుగున నిలబడ్డాడు.